కడుపు క్యాన్సర్ బ్లాకుకి ఈబర్ టెస్టు: నెల్లూరులో చేస్తారా, చెన్నై పంపాలా?

ఒంగోలులో తీసిన ఎండోస్కోపీ బయాప్సీ అండీ, ముక్కలు మైనం దిమ్మలో (బ్లాకు) ఉన్నాయి. కణితి కడుపు పైభాగంలో ఉంది, స్లైడు నిండా లింఫోసైట్లే (ఒక రకం తెల్ల రక్తకణాలు). అందుకే ఎప్‌స్టీన్-బార్ వైరస్ మీద అనుమానం. కడుపు క్యాన్సర్లలో సుమారు 9 శాతం దీనితో ముడిపడినవే. హెలికోబాక్టర్ వేరే సంగతి, అది బ్యాక్టీరియా. ఆ టెస్టు అయిపోయింది.

రక్తంలో యాంటీబాడీలు చూపించమని మాత్రం చెప్పకండి. పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా అవి ఉండనే ఉంటాయి. వైరస్ డీఎన్‌ఏని వెతికే పీసీఆర్ కూడా చాలదు, కణితిలోకి చొరబడ్డ లింఫోసైట్లలో వైరస్ ఉన్నా పాజిటివ్ వచ్చేస్తుంది. కావలసింది ఈబర్ ఇన్‌సిటు హైబ్రిడైజేషన్, అంటే ఈబర్ అనే ఆ వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఏ కణాల్లో ఉందో స్లైడు మీదే రంగుతో చూపే టెస్టు. అందులో క్యాన్సర్ కణాల న్యూక్లియస్సుకే రంగు పట్టాలి.

నెల్లూరులో ఇది చేసే ల్యాబ్ ఉందా, లేక చెన్నైకో వెల్లూరుకో పంపాల్సిందేనా? బ్లాకే అడుగుతారా, దాన్నుంచి కోసిన 4 మైక్రాన్ల పలుచటి పొరలు (సెక్షన్లు) రంగు వేయకుండా పంపితే చాలా? పంపితే కోటెడ్ స్లైడ్ల మీదే పంపాలి, మామూలు గాజు మీద సెక్షన్ ఊడిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం: ఆర్‌ఎన్‌ఏ బాగుందో లేదో చూసే యూ6 కంట్రోలు కూడా వేసి రిపోర్టులో రాస్తారా? ఫార్మలిన్ సరిగా పట్టక ఆర్‌ఎన్‌ఏ చెడిపోతే, వైరస్ ఉన్నా నెగటివ్ అనే వస్తుంది. ముక్కలు 2, 3 మిల్లీమీటర్లే, రెండోసారి కోయడానికి బ్లాకులో పెద్దగా మిగలదు.

ఈ మధ్య పంపినవాళ్లు ఖర్చు, పట్టిన రోజులు కూడా చెప్పండి.