ఎక్స్‌ఛేంజ్ సెమిస్టర్‌లో ఈయూ లా: ముందు ఏ కోర్సు తీసుకోవాలి?

లా డిగ్రీ మధ్యలో ఒక సెమిస్టర్ ఎక్స్‌ఛేంజ్‌కి నెదర్లాండ్స్ వెళ్తున్నాను. 30 ఈసీటీఎస్ (యూరప్ యూనివర్సిటీల ఉమ్మడి క్రెడిట్ పద్ధతి) క్రెడిట్లు నింపాలి. అంతర్జాతీయ చట్టం కొంత చదివాను కాబట్టి దాంతో టెన్షన్ లేదు. భయమంతా ఈయూ (యూరోపియన్ యూనియన్) లా గురించే. యూరోపియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్ 1964లో ఇచ్చిన కోస్టా తీర్పు చదివితే, సభ్యదేశాల చట్టాల కన్నా ఈయూ చట్టానిదే పైచేయి అని అర్థమైంది. డైరెక్టివ్‌ల (సభ్యదేశాలు గడువులోగా తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన ఈయూ ఆదేశాల) దగ్గరే బుర్ర తిరుగుతోంది. గడువులోగా దేశం అమలు చేయకపోతే, షరతుల్లేని స్పష్టమైన నిబంధన ఉన్నప్పుడు పౌరుడు ప్రభుత్వం మీద దాన్ని వాడుకోవచ్చట, ఇంకో ప్రైవేటు వ్యక్తి మీద మాత్రం కుదరదట! ఇదేం న్యాయమో.

ఈ పునాది గట్టిపడకుండా అంతర్గత మార్కెట్ (సభ్యదేశాల మధ్య సరుకులు, సేవలు, మనుషులు, పెట్టుబడి స్వేచ్ఛగా కదిలే వ్యవస్థ) కోర్సు తీసుకుంటే నెట్టుకురాగలనా? అలా చదివినవాళ్లుంటే చెప్పండి, పరీక్షలో తీర్పుల పేర్లన్నీ గుర్తుండాలా, లేక ఒక సమస్య ఇచ్చి పరిష్కరించమంటారా? హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో విచారణ చూసినవాళ్లున్నా రాయండి, ప్లీజ్.