మా ఊరి బస్సు మళ్లీ రావాలంటే రోడ్డు గురించి ఎవరిని అడగాలి?

అందరికీ నమస్కారం. మాది తెలంగాణలో, మండల కేంద్రానికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు. పొద్దున ఏడున్నరకు, సాయంత్రం ఐదింటికి పల్లెవెలుగు వచ్చేది. పోయిన వానాకాలం చెరువు కట్ట దాటాక కల్వర్టు పక్కన తారు మొత్తం లేచిపోయింది. గుంత ఎంతుందంటే అందులో బర్రె పడుకుంది, ఫొటో కూడా తీశాను. కమాన్లు విరుగుతున్నాయని బస్సు ఆపేశారు.

2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. మా అమ్మకు మాత్రం ఆటోకు రానూపోనూ అరవై రూపాయలు. రోడ్డే లేకపోతే ఉచితం ఎక్కడిది? బాబాయి అయితే అప్పు చేసి బండి కొన్నాడు, ఇప్పుడు కిస్తీల టెన్షన్.

ఊరి మొదట్లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన బోర్డు ఉంది. ఆ రోడ్లకు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు మరమ్మతులు చూడాలి. కానీ బోర్డు మీద తేదీ ఉన్నచోటే పెయింట్ ఊడిపోయింది. ఒక ఆఫీసుకు వెళ్తే ఇంకో ఆఫీసు పేరు చెప్తున్నారు.

ఐదేళ్లు దాటిపోయి ఉంటే మరమ్మతు డబ్బులు ఏ పద్దు నుంచి వస్తాయి? 10 రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెడదామనుకుంటున్నాను. పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వాళ్లకే పెట్టాలా? ఏ కాగితాలు అడగాలి? గుంత పూడ్చాక బస్సు దానంతటదే వస్తుందా, డిపోలో వేరే అర్జీ ఇవ్వాలా? ఇలా తిరిగి బస్సు వేయించుకున్నవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.