తెలుగు నేరపరిశోధన నవలల సిరీస్‌ను సొంతంగా ప్రచురించాలంటే మొదటి భాగం ఎలా తేవాలి?

గుంతకల్లు ప్యాసింజర్ (బెంగళూరు):

నమస్కారం. నేను వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా నేరపరిశోధన నవలలు రాస్తున్నాను. గుంతకల్లు జంక్షన్‌లో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక రైల్వే పోలీసు అధికారిణి ఈ నవలలన్నిటిలోనూ ప్రధాన పాత్ర. మూడు నవలలు పూర్తయ్యాయి, నాలుగోది సగంలో ఉంది. ప్రతి నవలలోనూ ఒక కేసు మొదలై అక్కడే ముగుస్తుంది గానీ, ఆమె ఉద్యోగంలో ఉండగా మూతపడిన ఒక పాత కేసు మాత్రం నాలుగు భాగాల పొడవునా నడుస్తూ ఉంటుంది.

ఇద్దరు ప్రచురణకర్తలను అడిగాను. ఒకరు మొదటి నవల వేస్తామన్నారు కానీ మిగతావాటికి మాట ఇవ్వలేమన్నారు; రెండోవారు ఖర్చు మొత్తం నన్నే పెట్టుకోమన్నారు. ఆ ఖర్చేదో పెట్టుకొని నేనే వేసుకుంటే హక్కులైనా నా దగ్గర ఉంటాయి కదా అనిపిస్తోంది. అయితే మొదటి భాగం అమ్మకాల మీద వచ్చిన డబ్బుతోనే రెండో భాగం తేవాలి. ముందు అచ్చు పుస్తకం తేవడం మంచిదా, సీరియల్‌గా ఇవ్వడం మంచిదా? భాగానికీ భాగానికీ మధ్య ఎంత వ్యవధి ఉండాలి? తెలుగు పుస్తకాల దుకాణాలన్నీ విజయవాడలోనూ హైదరాబాదులోనూ ఉంటే, బెంగళూరులో కూర్చుని ప్రచారం చేసుకోవడం ఎలా?

అచ్చుపని (చెన్నై):

నేను చెన్నైలో పుస్తక ముద్రణ పనులు చూస్తుంటాను. తమిళం ఎక్కువ, తెలుగు తక్కువ. ముద్రణ వరకే చెబుతాను.

మొదటి భాగాన్ని ఒకేసారి వెయ్యి ప్రతులు వేయించకండి. ప్లేట్లు చేసి ఎక్కువ ప్రతులు వేసే ఆఫ్‌సెట్ ముద్రణలో సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో ప్రతికి ఖర్చు తగ్గుతుందని ప్రెస్సువారు చెప్పే లెక్క నిజమే కానీ, అమ్ముడుపోని కట్టలు మీ మంచం కింద చేరాక ఆ తగ్గింపుకు అర్థం లేదు. పైగా సిరీస్‌కు ఇంకో చిక్కు ఉంది. మొదటి భాగం చదివినవారిలో కొందరే రెండోది కొంటారు, రెండోది చదివి ఇష్టపడ్డవారు మొదటిదాని కోసం వెతుకుతారు. కాబట్టి మొదటి భాగం ఎన్నేళ్లయినా దొరుకుతూనే ఉండాలి, తర్వాతివి అంతకంటే తక్కువ వేసుకోవాలి. ఇందుకు డిజిటల్ ముద్రణలో నూరో రెండు వందలో వేయించుకోవడం గానీ, ఆర్డరు వచ్చినప్పుడే అచ్చువేసే ప్రింట్ ఆన్ డిమాండ్ గానీ మేలు. అటువంటి సంస్థలు మన ఊళ్లలోనే ఉన్నాయి: పోతి డాట్ కామ్ మీ బెంగళూరుదే, నోషన్ ప్రెస్ మా చెన్నైది. అక్కడ ఒక్కో ప్రతికి ఖర్చు ఎక్కువ, అందువల్ల వెలా పెరుగుతుంది. కొత్త రచయిత నవలకు పాఠకుడు ఎంతవరకు పెడతాడో చూసుకొని నిర్ణయించుకోండి.

అసలు తలనొప్పి టైప్‌సెట్టింగ్ దగ్గర, అంటే అక్షరాలను పేజీలుగా కట్టే పని దగ్గర. కంప్యూటరు మీద పేజీలు కట్టే చాలా డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో పని నడుస్తోంది. అచ్చు అందంగానే వస్తుంది, కానీ ఆ ఫైలు ఈ-పుస్తకానికి పనికిరాదు. ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే యూనికోడ్‌లోకి మారిస్తే అక్షరాలు అక్కడక్కడా చెదిరి, ప్రూఫులు మళ్లీ మొదటి పేజీ నుంచి దిద్దుకోవలసి వస్తుంది. మీరు యూనికోడ్‌లో రాసి ఉంటే దాన్ని వదలకండి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, భారతీయ లిపులను సరిగా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకొని, మండలి వంటి యూనికోడ్ ఫాంటుతో పేజీలు కట్టించండి. ఇంగ్లీషు పుస్తకాలకు అలవాటుపడ్డ ఆపరేటరు వరుసల మధ్య ఖాళీ తక్కువ వదులుతాడు. అప్పుడు ‘రాష్ట్రం’లోని ఒత్తులు కిందివరుసలోని గుడుల మీదికి దిగుతాయి. తెరమీద చూసి సరిపెట్టుకోకుండా, అటువంటి మాటలున్న పేజీ ఒకటి అసలు సైజులో కాగితం మీద తీయించి చూడండి.

నాలుగు ముఖచిత్రాలూ ఒకే చిత్రకారుడితో ఒకేసారి చేయించండి. సైజు, కాగితం, వెన్ను మీద సిరీస్ పేరు ఉండే చోటు, భాగం సంఖ్య, ఇవి ఏ భాగంలోనూ మారకూడదు. మొదటిది 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మ్యాప్‌లితో కాగితం మీద వేసి రెండోదానికి చవక కాగితం వాడితే, అలమరలో పక్కపక్కన పెట్టగానే తెలిసిపోతుంది.

ప్రతి పుస్తకాన్నీ గుర్తించే సంఖ్య ఐఎస్‌బీఎన్ కోసం ఎవరికీ డబ్బు ఇవ్వకండి. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయితలు కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రతి భాగానికీ వేరే సంఖ్య కావాలి, ఈ-పుస్తకానికి మరొకటి. ముద్రణ సంస్థ తన సంఖ్య ఇస్తే రికార్డులో ప్రచురణకర్తగా దాని పేరే ఉంటుందని గుర్తుంచుకోండి. సొంతంగా వేసుకునేవారు తరచుగా మరిచేది ఇంకొకటి ఉంది: 1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, మా ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయంతో సహా మరి మూడు గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి మీ ఖర్చుతోనే పంపాలి.

వారం వారం (బెంగళూరు):

అచ్చుపని గారి మాటతో నాకు పేచీ లేదు. కానీ పాఠకులు లేనప్పుడు రెండు వందల ప్రతులు కూడా ఎక్కువే, కాబట్టి ముందు సీరియల్‌గా ఇవ్వండి. తెలుగు నవల దశాబ్దాల పాటు వారపత్రికల్లోనే పెరిగింది. వచ్చేవారం కోసం ఎదురుచూసే అలవాటు మన పాఠకులకు కొత్త కాదు. నేను ప్రతిలిపి అనే ఆన్‌లైన్ కథల వేదికలో సీరియల్స్ రాస్తుంటాను. అక్కడ మొదటి నవల మొత్తం ఉచితంగా పెట్టి, వారానికి రెండు అధ్యాయాల చొప్పున చెప్పిన రోజున చెప్పిన వేళకు తప్పకుండా ఇవ్వండి. వ్యాఖ్యలు చదివితే పాఠకులు హంతకుడిగా ఎవరిని అనుమానిస్తున్నారో, ఏ అధ్యాయం దగ్గర చదవడం మానేస్తున్నారో తెలుస్తుంది. ఆ మేరకు అచ్చుకు వెళ్లేముందే దిద్దుకోవచ్చు. రెండో నవలను మాత్రం అక్కడ పెట్టకండి, మూడు నాలుగు అధ్యాయాలు రుచి చూపించి ఆపండి.

అమెజాన్ వారి ఈ-పుస్తక వేదిక కిండిల్ మీద ఆశ పెట్టుకోకండి. రచయితలు తమ పుస్తకాలను కిండిల్‌లో సొంతంగా పెట్టుకునే సేవ కేడీపీ 2016 చివర్లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషలకు చోటిచ్చింది కానీ, ఆ జాబితాలో తెలుగు లేదు. గూగుల్ ప్లే బుక్స్‌లో తెలుగు ఈ-పుస్తకాలు అమ్మకానికి ఉన్నాయి కనుక, యూనికోడ్‌లో శుభ్రమైన ఈపబ్ (ఈ-పుస్తకాల ఫార్మాట్) ఫైలు సిద్ధం చేసుకుంటే ఆ దారి ఉంది.

వ్యవధి విషయంలో మీరు అదృష్టవంతులు, చేతిలో మూడు నవలలున్నాయి. మూడోదాని ప్రూఫులు పూర్తయ్యేదాకా మొదటిదాన్ని బయటికి తేకండి. ఆ తర్వాత మూడు నెలలకొకటి చొప్పున ఇవ్వండి. ఏడాది గడిస్తే గుంతకల్లు స్టేషన్‌లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో పాఠకుడికి గుర్తుండదు, మీ పాత కేసు దారం అక్కడే తెగిపోతుంది.

ప్రచారం గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఫేస్‌బుక్‌లో డబ్బు కట్టి పోస్టును బూస్ట్ చేస్తే లైకులు వస్తాయి, ఆర్డర్లు రావు. దానికి బదులు పుస్తకం చివరి పేజీ మీద శ్రద్ధ పెట్టండి. కథ ముగిసిన పేజీని తిప్పగానే రెండో నవల మొదటి అధ్యాయం ఉండాలి, దాని కింద వాట్సాప్‌లో పేరు నమోదు చేసుకునేందుకు ఒక క్యూఆర్ కోడ్ ఉండాలి. నవల ఇప్పుడే ముగించిన మనిషికి ఉన్నంత ఆసక్తి ఏ ప్రకటన చూసినవాడికీ ఉండదు. అలా చేరినవారికి కొత్త భాగం వచ్చినప్పుడు తప్ప సందేశాలు పంపకండి. రోజూ శుభోదయాలు పంపితే బ్లాక్ చేస్తారు.

బెంగళూరును తక్కువగా చూడకండి. మీ వైట్‌ఫీల్డ్ నుంచి మారతహళ్లి దాకా అపార్ట్‌మెంట్లలో జరిగే ఉగాది సంబరాల్లో ఒక బల్ల అడిగి తీసుకోండి. దుకాణంలో అమ్మితే నేను ఇచ్చే కమీషన్ ధరలో 40 శాతం, బల్ల దగ్గర అది నాకే మిగులుతుంది. డిసెంబరులో హైదరాబాదు, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక ప్రదర్శనలకు సొంత స్టాలు అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు రచయితలు కలిసి ఒకటి పంచుకుంటే చాలు.

అద్దె పుస్తకాలవాడు (చెన్నై, అంబత్తూరు):

నేను రాసేవాణ్ని కాదు, చదివేవాణ్ని. అద్దె లైబ్రరీల కాలం నుంచి డిటెక్టివ్ నవలలు చదువుతున్న అనుభవంతో రెండు మాటలు.

మొదటి భాగంలో కేసు పూర్తిగా విడిపోవాలి, హంతకుడు దొరకాలి. పాత కేసును ఎంతైనా సాగదీయండి, కానీ డబ్బు పెట్టి కొన్న నవల చివర ‘మిగతాది రెండో భాగంలో’ అని ఉంటే ఆ రచయిత జోలికి మళ్లీ వెళ్లను. ప్రతి పుస్తకం లోపల ఏది ముందు చదవాలో వరుస వేయండి, వెనక అట్ట మీద మాత్రం ముందు భాగాల రహస్యాలు బయటపెట్టకండి. ఇంకొకటి, ఆ అధికారిణి వయసు, చదువు, ఏ సంవత్సరంలో ఎక్కడికి బదిలీ అయింది, మోకాలి నొప్పి కుడికాలిదా ఎడమకాలిదా అన్నవన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఇటువంటివి రచయితలు మరిచిపోతారు, మేం మరిచిపోము. బంధువులతో అయిదు నక్షత్రాల సమీక్షలు రాయించకండి, అవి చదవగానే తెలిసిపోతాయి.

గుంతకల్లు ప్యాసింజర్ (బెంగళూరు):

అందరికీ ధన్యవాదాలు. మోకాలి సంగతి వెంటనే సరిచూశాను, అన్ని చోట్లా ఎడమకాలే. మొదటి నవలను సీరియల్‌గా ఇచ్చి, ఆ తర్వాత తక్కువ ప్రతులు వేయించాలని నిర్ణయించుకున్నాను. ఇంకొక సందేహం: ఒక ఆడియో సంస్థవారు నాలుగు భాగాల హక్కులూ ఇప్పుడే ఇవ్వమంటున్నారు. ఒప్పందంలో కాలపరిమితి లేదు. ఒప్పుకోవచ్చా?

వారం వారం (బెంగళూరు):

ఇప్పుడే నాలుగూ ఇవ్వకండి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోపు వాడుకోకపోతే అది రద్దవుతుంది, అయితే ఒప్పందంలో వేరేలా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. కాబట్టి వారి పత్రంలో ఈ ఏడాది నిబంధనను పక్కకు నెట్టే వాక్యం ఏదైనా ఉందేమో చూడండి. మొదటి భాగానికి, ఆడియోకు మాత్రమే, మూడేళ్లకు ఇస్తామని చెప్పండి. ‘పాత్రలు, వాటి ఆధారంగా వచ్చే ఇతర రచనలు’ అనే మాట ఎక్కడ కనిపించినా కొట్టేయించండి, లేకపోతే రేపు ఆ అధికారిణితో అయిదో నవల రాయడానికి మీరే వారిని అడగవలసి రావచ్చు. సంతకానికి ముందు ఒక న్యాయవాదికి చూపించండి.