అప్‌డేట్: బైండింగ్ తప్పుగా బిగించిన షాపు కొత్త స్కీలు ఇచ్చింది

డెన్వర్‌లో ఒక షాపు నా కొత్త స్కీలకు (మంచు మీద జారే పలకలు) బైండింగ్, అంటే బూటును స్కీకి పట్టి ఉంచి పడినప్పుడు వదిలేసే బిగింపు, వంకరగా బిగించిందని, ఏం చేయాలని ఇక్కడ అడిగాను కదా. మీరు చెప్పినట్టే వాటిని వాడకుండా ఫొటోలు, రసీదు పట్టుకెళ్లాను. మేనేజరు నా ముందే స్క్రూలు విప్పించాడు. లోపల మెటల్ పొర ఉన్న ఈ స్కీకి 4.1 మి.మీ. డ్రిల్ బిట్ వాడాలి, వీళ్లు 3.5తో తొలిచారు. రంధ్రాల చుట్టూ పైపొర ఉబ్బిపోయి ఉంది. అవి పూడ్చి పక్కనే మళ్లీ తొలుస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. పాతదానికీ కొత్తదానికీ సెంటీమీటరు ఎడమైనా లేకపోతే స్క్రూకు పట్టు ఉండదు, పడినప్పుడు పోయేది నా మోకాలు! కాసేపు వాదన జరిగాక కొత్త జత ఇచ్చారు. ఈసారి నా బూటు పెట్టించి ఫార్వర్డ్ ప్రెషర్ (బైండింగ్ వెనక భాగం బూటును ముందుకు నొక్కే ఒత్తిడి) చూపించమన్నాను, మెషీన్ మీద రిలీజ్ టెస్ట్ (బైండింగ్ సరైన బలానికి బూటును వదులుతుందో లేదో చూసే పరీక్ష) చేసిన కాగితం కూడా తీసుకున్నాను. ఫొటోలు తీయమన్నవాళ్లకు చాలా థాంక్స్, అక్కడ పనిచేసినవి అవే.