‘పొలసు లాడించు’: ఏ పొలసు?

జెద్దా నుంచి: ఎర్రసముద్రపు పగడపు దిబ్బ మీద నారింజరంగు చేపలు వందల కొద్దీ ప్రవాహానికి ఎదురు నిలిచి, నీటిలో కొట్టుకు వచ్చే సూక్ష్మజీవులను ఏరుకు తింటూ, పెద్ద చేప రాగానే ఒక్కుమ్మడిగా పగడాల సందుల్లో దూరడం చూశాను. వాటి నడుమ ఊదారంగు చేప ఒకటి, వెన్నురెక్కలో పొడవాటి ముల్లుతో, రెక్కలు విప్పి పైకీ కిందికీ దూకుతోంది. పోతన భాగవతంలో మత్స్యావతార ఘట్టంలోని ‘ఒకమాటు జలజంతుయూథంబులోఁ గూడు’ సీసం గుర్తుకు వచ్చింది. సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో ‘గఱులు సారించు’ (రెక్కలు చాచు) దగ్గరలోనే ఉన్నది ‘పొలసు లాడించు’నా, ‘పొలుసు లాడించు’నా? ఆ చేప పేరేమిటి?

తెనాలి నుంచి: నేను చదువుకున్నది ‘పొలసు’. రెండింటిలోనూ మూడు లఘువులే కనుక ఛందస్సు తీర్పు చెప్పదు; చిక్కంతా అర్థంలోనే ఉంది. పొలసుదిండి అంటే రాక్షసుడు, అక్కడ పొలసు మాంసమే. చేప పొలుసులను విడిగా కదల్చలేదు, ఈదేటప్పుడు అలలుగా కదిలేది పక్కల కండ. పోతన చెప్పింది దానినేనని నా నమ్మకం.

వరంగల్లు నుంచి: అయ్యా, అంగీకరించలేను. గఱులు, మీసాలు, పొలసులు అన్నీ పైకి కనబడేవే. ఆ వరుసలో కండకు చోటు లేదు. చేప ఒరిగినప్పుడల్లా ఒంటి మీద వెలుగు మారుతుంది, పొలుసులే ఆడినట్లు తోస్తుంది. ‘కరి దిగుచు మకరి సరసికి’ అన్న పద్యంలో లాగుడును అక్షరాలలోనే వినిపించిన కవి ఆ తళుకును విడిచిపెట్టడు.

విశాఖపట్నం నుంచి: ఆ చేప సూడాంథియాస్ స్క్వామిపిన్నిస్. మొజాంబిక్‌లో దొరికిన చేపకు పీటర్స్ 1855లో పెట్టిన పేరది. లాటిన్‌లో స్క్వామ పొలుసు, పిన్న రెక్క. మీ పద్యంలోని పొలసూ గఱీ రెండూ అందులో ఉన్నాయి. నారింజవి ఆడవి, వాటి కంటి కింద ఊదా చార ఉంటుంది. మగది చనిపోతే గుంపులోని పెద్ద ఆడచేప మగదిగా మారుతుంది.

తెనాలి నుంచి: ఆ పేరు నా వాదానికి అడ్డు రాదు. ‘ఆడించు’ ప్రేరణార్థకం, అంటే తానే ఆడేటట్లు చేయడం. వెలుగు వల్ల ఆడినట్లు తోచేదాన్ని చేప ఆడించిందని ఎట్లా అంటాం?

వరంగల్లు నుంచి: అక్కడ ఈదుతున్నది మామూలు చేప కాదు, లీలకై మీనరూపం దాల్చిన హరి. ఆయన తలచుకుంటే ఒక్కొక్క పొలుసునూ ఆడించగలడు. పోతన ఆ క్రియను ఎంచుకున్నది అందుకేనంటాను.