‘బిగ్ ఎండియన్’ను ‘పెద్ద చివర’ అంటే అర్థం తిరగబడుతుంది

ఒక సంఖ్యకు రెండు మూడు బైట్లు (కంప్యూటర్ మెమరీలో ఒక్కో గది లాంటివి) కావాల్సివస్తే వాటిని ఏ వరుసలో పెట్టాలో చెప్పే పేర్లు బిగ్ ఎండియన్, లిటిల్ ఎండియన్. నిన్న గ్రూపులో ఒకరు ఈ మాటలకు తెలుగు అడిగితే ‘పెద్ద చివర’, ‘చిన్న చివర’ అని రెండు మూడు జవాబులొచ్చాయి. దయచేసి ఆ మాటలు వాడొద్దండీ. అవి బాగున్నాయా లేవా అన్నది కాదు నా బాధ, వాటితో అర్థమే తలకిందులవుతోంది. నేను అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ పాఠాలు చెబుతాను. పోయిన బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఎవరి నోట్సులోనో ఈ ‘పెద్ద చివర’ చదివి, పెద్ద విలువున్న బైటు చివర వస్తుందని పరీక్షలో రాసింది. తెలుగు వచ్చినవాళ్ళు ఎవరైనా అలాగే అనుకుంటారు, ఆ అమ్మాయి తప్పేమీ లేదు. నిజానికి బిగ్ ఎండియన్‌లో పెద్ద విలువున్న బైటే ముందు వస్తుంది.

మన అక్షరంతోనే చూద్దాం. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో ‘అ’ సంఖ్య 3077. ఒక బైటులో 255 వరకే పడుతుంది కాబట్టి దీనికి రెండు బైట్లు కావాలి, 12, 5 (12ను 256తో హెచ్చవేసి 5 కలిపితే 3077). ఇందులో 12 పెద్ద విలువది. మెమరీలో ముందు 12, తర్వాత 5 పెడితే బిగ్ ఎండియన్. ముందు 5, తర్వాత 12 పెడితే లిటిల్ ఎండియన్. తెలుగు అక్షరాలన్నిటికీ పెద్ద బైటు 12 అనేదే, ‘క’ అయితే 12, 21. అంటే 12 మన అక్షరాల ఇంటిపేరు లాంటిది. (ఆ ఇంటిపేరు కన్నడానికీ ఉంది, 12లో 127 వరకు మనది, 128 నుంచి వాళ్ళది. పక్కపక్క లిపులు అక్కడా పక్కపక్కనే ఉండటం నాకు చాలా ఇష్టం.) మనం ఇంటిపేరు ముందు రాసి తర్వాత పేరు రాస్తాం కదా, అది బిగ్ ఎండియన్ పద్ధతి.

మరి ‘ఎండ్’ ఎక్కడినుంచి వచ్చింది? 1726లో వచ్చిన జొనాథన్ స్విఫ్ట్ నవల ‘గలివర్స్ ట్రావెల్స్’లో లిల్లిపుట్ దేశపువాళ్ళు ఉడికిన గుడ్డును లావు వైపు పగలగొట్టాలా, సన్న వైపా అని తగువులాడుకుని చచ్చేదాకా వెళ్తారు. లావు వైపు వాళ్ళు బిగ్ ఎండియన్లు. 1980 ఏప్రిల్ 1న డానీ కోహెన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, బైట్ల వరుస మీద ఇంజనీర్లు పడే తగువు ఈ గుడ్డు తగువు లాంటిదేనని ఒక వ్యాసం రాసి, ఆ పేర్లనే వాటికి పెట్టాడు. కాబట్టి ఇక్కడ ఎండ్ అంటే చివర కాదు, తాడుకు రెండు కొసలున్నట్టు గుడ్డుకున్న రెండు కొసల్లో ఒకటి. ఏ కొస నుంచి మొదలుపెడతామన్నదే ఆ మాటలో అసలు అర్థం. పోనీ ‘పెద్ద కొస’ అందామా అంటే, ‘కొసమెరుపు’ అలవాటైన చెవికి కొస అన్నా ఆఖరే తోస్తుంది.

అందుకే నేను క్లాసులో ‘పెద్దముందు’, ‘చిన్నముందు’ అంటున్నాను. పెద్దముందు వరుస, చిన్నముందు వరుస. విన్నవాళ్ళకు మళ్ళీ వివరించాల్సిన పని ఉండదు. ఇంటెల్ ప్రాసెసర్లు చిన్నముందు, ఇంటర్నెట్ ప్రోటోకాల్స్ (కంప్యూటర్లు మాట్లాడుకునే నియమాలు) పెద్దముందు. అందుకే నెట్‌వర్క్ ప్రోగ్రాం రాసేవాళ్ళు బైట్లు తిప్పి పంపాలి. మర్చిపోతే 80వ పోర్టు (కంప్యూటర్‌లో ఒక్కో సేవకు ఉండే తలుపు నంబరు లాంటిది) కాస్తా 20480 అవుతుంది.

చిన్నముందు పద్ధతి మనకు కొత్తదేం కాదు. ‘అంకానాం వామతో గతిః’ అన్నారు పెద్దలు, అంకెలు ఎడమవైపుకు నడుస్తాయని. శకసంవత్సరాలను వేదం, బాణం, చంద్రుడు అంటూ మాటల్లో చెప్పేటప్పుడు ఒకట్ల స్థానమే ముందు వస్తుంది: వేద 4, బాణ 5, చంద్ర 1 అంటే 154, 451 కాదు. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు కటపయాది, అంటే అక్షరాలకు అంకెలు ఇచ్చే పద్ధతి, తెలుసు. మాయామాళవగౌళ రాగం పేరులో ‘మా’ 5, ‘యా’ 1, తిప్పి చదివితే 15వ మేళకర్త రాగం. ఇదంతా చిన్నముందే. అలాగని ‘వామగతి’ (ఎడమవైపు నడక) అన్నదాన్నే పారిభాషిక పదం చేద్దామని గ్రూపులో వచ్చిన సూచన మాత్రం నాకు నచ్చలేదు. మెమరీలో కుడిఎడమలు లేవు, ముందు వెనకలే ఉన్నాయి. పాఠం చెప్పడానికి ఉదాహరణగా మాత్రం అంతకంటే మంచిది దొరకదు.

హైదరాబాద్‌లో ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు కూడా. లాడ్ బజార్‌లో గాజుల ధర తెలుగులో ‘ఇరవై నాలుగు’ అంటే పెద్దముందు, అదే ధర ఉర్దూలో ‘చౌబీస్’ అంటే నాలుగు ముందు, ఇరవై తర్వాత. ఇక మన పాత ఇంటి నంబర్లు చూడండి, వార్డు, బ్లాకు, ఆ తర్వాత ఇల్లు, పెద్దది ముందు. కానీ మొత్తం అడ్రసు ఇంటి నంబరుతో మొదలై వీధి, పేట, ఊరు అని పోతుంది, చిన్నది ముందు. లోపల ఒక వరుస, బయట ఒక వరుస. ఇలా కలిపేసిన యంత్రమూ ఉంది, పీడీపీ-11 అనే పాత కంప్యూటర్. అందులో నాలుగు బైట్ల (32 బిట్ల) సంఖ్యను రెండు సగాలు చేసి పెద్ద విలువున్న సగం ముందు పెట్టేవారు, ఒక్కో సగం లోపల మాత్రం చిన్న బైటు ముందు.

‘ఇదంతా దేనికి, ఎండియన్ అనే ఉంచేస్తే పోలా’ అని కింద కామెంట్లలో అడిగినవారికి: ప్రోగ్రాంలో, మాన్యువల్‌లో అలాగే ఉంచండి, నేనూ ఉంచుతాను. కానీ తెలుగులో చెప్పాల్సివచ్చిన చోట తప్పు మాట పెట్టకండి, అంతే నా మనవి.

ఫైలు తెరిస్తే తెలుగు బదులు చైనా అక్షరాలు వస్తున్నాయన్నవారికి: చాలావరకు కారణం ఈ బైట్ల వరుసే అయ్యుండాలి. యూటీఎఫ్-16లో (యూనికోడ్ సంఖ్యలను బైట్లుగా దాచే ఒక పద్ధతి) దాచిన ‘తెలుగు’ను బైట్లు తిప్పి చదివితే ఎత్వం, రెండు కొమ్ములు చైనా అక్షరాలవుతాయి, ‘ల’ కొరియా అక్షరం, ‘గ’ ఫిలిప్పీన్స్ పాత లిపిలో అక్షరం అవుతాయి. ఫైలు పాడైందని తీసేయకండి. ఎడిటర్‌లో ఎన్‌కోడింగ్ (బైట్లను అక్షరాలుగా చదివే పద్ధతి) మెనూకి వెళ్ళి బైట్ల వరుసను రెండోదానికి మార్చి మళ్ళీ తెరవండి, వచ్చాక యూటీఎఫ్-8లో సేవ్ చేసుకోండి. అందులో బైట్ల వరుస ఒక్కటే కాబట్టి ఈ బెడద ఉండదు.