ప్రీపోన్, రివర్ట్, పాస్డ్ అవుట్... ఇవి నిజంగా తప్పు ఇంగ్లీషేనా?

కృష్ణాతీరం: మా చెల్లి స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకి వెళ్తోంది. నిన్న సారు బోర్డు మీద ప్రీపోన్ (అనుకున్న టైమ్ కంటే ముందే పెట్టుకోవడం), డూ ద నీడ్‌ఫుల్ (కావాల్సింది చేయండి), ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019, కజిన్ బ్రదర్ అని రాసి ఇవన్నీ తప్పు, ఇంటర్వ్యూలో నోట రాకూడదు అన్నారంట. నాకస్సలు నచ్చలేదు. ఇంతమంది రోజూ వాడే మాట తప్పెలా అవుద్ది?

టెక్సాస్ తెలుగోడు: సారు కరెక్టే బ్రో. ఇక్కడ పాస్డ్ అవుట్ అంటే స్పృహ తప్పి పడిపోయాడనే. భాష వాళ్ళది, వాళ్ళు ఎలా వాడితే మనమూ అలాగే.

పాత డిక్షనరీ: ఏ వాళ్ళది అండీ? బిలియన్ అంటే అమెరికాలో వంద కోట్లు, బ్రిటన్ సర్కారు లెక్కల్లో 1974 దాకా లక్ష కోట్లు. టేబుల్ ద మోషన్ అంటే బ్రిటన్‌లో చర్చకి తీసుకోవడం, అమెరికాలో పక్కన పెట్టేయడం, రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఒక్క మాట మీద రెండు దేశాల అధికారులు చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ స్వయంగా రాశాడు. డూ ద నీడ్‌ఫుల్ కూడా మనం పుట్టించింది కాదు, బ్రిటిషోళ్ళ పాత ఉత్తరాల్లోదే, వాళ్ళు మానేశారు మన ఆఫీసుల్లో నిలిచిపోయింది. బ్రిటిష్ ఆర్మీలో ట్రైనింగ్ అయినోళ్ళకి ఇప్పటికీ పాసింగ్ అవుట్ పరేడే. ప్రీపోన్ అయితే ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోనే ఉంది.

అసలు చూడాల్సింది వేరే. ప్రీపోన్ తెలీనోడు అంటే ఏంటని అడుగుతాడు, అక్కడితో అయిపోద్ది. రివర్ట్ అలా కాదు, మనకి జవాబివ్వడం, వాళ్ళకి పాత స్థితికి తీసుకెళ్ళడం, గిట్‌లో (కోడ్ మార్పుల లెక్క ఉంచే సాఫ్ట్‌వేర్) రివర్ట్ కొడితే చేసిన మార్పు రద్దయిపోద్ది. కోడ్ మార్చి ప్లీజ్ రివర్ట్ అని మెయిల్ పెడితే అవతలోడు తనకి అర్థమైందనుకునే పని చేసేస్తాడు, అడగడు కూడా. పిల్లలకి నేర్పాల్సింది ఇదీ, అంతేగానీ అన్నింటినీ ఒకే గాటన కట్టి సిగ్గుపడమని కాదు.

కృష్ణాతీరం: మరి కజిన్ బ్రదర్?

పాత డిక్షనరీ: దాన్ని వదులుకోను. పెద్దమ్మ కొడుకు నాకు అన్న, మేనమామ కొడుకు బావ, ఒకరు తోడబుట్టినవాడి లెక్క ఇంకొకరు పెళ్ళి వరస. ఉత్త కజిన్ అంటే ఇద్దరూ ఒకటైపోతారు. మా ఇంట్లో కజిన్ బ్రదర్ అంటే అన్నో తమ్ముడో, బావ ఎప్పటికీ కాదు. ఇంగ్లీషులో లేని తేడా మనం చెప్పుకుంటున్నాం, తప్పేముంది?

టెక్సాస్ తెలుగోడు: కజిన్ సంగతి ఒప్పుకుంటా అన్నా, రివర్ట్ గురించీ నిజమే. కానీ పాస్డ్ అవుట్ మాత్రం రివర్ట్ లాంటిదే కదా, మాట ఒకటి అర్థాలు రెండు. చెల్లి ఇంటర్వ్యూ అమెరికా క్లయింటుతో అయితే గ్రాడ్యుయేటెడ్ అనే చెప్పమను. హైదరాబాద్‌లో మనోళ్ళే తీసుకుంటే ఏదైనా పర్లేదు.